నీళ్లు ఎటు పక్క?

పక్షుల్ని చూస్తానని సరస్సు ఒడ్డు బాట పట్టిన టీచరు న్యాంబురా చీకటి పడినా తిరిగి రాలేదు. గైడు జెప్కోయెచ్ తన మరిది కిబెట్‌ను వెంటబెట్టుకుని వెతకడానికి బయలుదేరింది. వెళ్లేటప్పుడు నీళ్లు వాళ్లకు ఎడమ పక్కన ఉన్నాయి.

"మొసలి వస్తే ముందు నిన్నే తోస్తా," అంది.

"నీ వంట తిన్న ఒళ్లిది వదినా, దానికి అరగదు."

టీచరు ఒక తుమ్మచెట్టు కింద కూర్చుని కనిపించింది. దెబ్బలేమీ లేవు. లేపి వెనక్కి నడిపించారు. కొంతదూరం పోయాక నీళ్లలో నీటిగుర్రం బుసకొట్టింది. ఎడమ పక్క నుంచే.

కిబెట్ ఆగిపోయాడు. "ఇంటికే కదా వదినా వెళ్తున్నాం? నీళ్లు కుడి పక్కన ఉండాలి."

"చీకట్లో దారి తప్పాం," అని జెప్కోయెచ్ అందర్నీ వెనక్కి తిప్పింది. ఇప్పుడైనా నీళ్లు కుడికి రావాలి. టార్చి వేసింది. ఎడమ పక్కనే మెరిశాయి. చిన్నప్పటి నుంచి కళ్లు మూసుకుని నడిచిన బాట అది. ఎటు అడుగెయ్యాలో ఆమెకు పాలుపోలేదు.

టీచరు మాత్రం గాబరా పడలేదు. ఎండుగడ్డి మీద చతికిలబడి, పక్కన చోటు చూపించింది.

"నేనూ సాయంత్రమంతా ఇలాగే తిరిగానమ్మా. కూర్చోండి. నడిచేకొద్దీ నీళ్లు దగ్గరికొస్తున్నాయి."