ముట్టుకోకుండా చెప్పాలి

పాతపాళ్య వాగు పొంగి, కోతకొచ్చిన టమాటా తోటలు రెండు రోజులు నీళ్ళలో నిలబడిన ఏడాది అది. చిక్కబళ్ళాపురలో కంటి డాక్టరు తన గదిలో లైటు ఆర్పాడు. ఎదురుగోడ మీద చుక్కంత వెలుగు పడింది.

"ఇది ఏం రంగు?" అన్నాడు డాక్టరు శ్రీనివాసమూర్తి.

పరీక్షకు వచ్చిన నేత్ర కాసేపు చూసింది. "ముట్టుకోవచ్చునా సార్?" అంది.

డాక్టరు నవ్వలేదు. ఇంకో ఎనిమిది చుక్కలు చూపించాడు. ఆరు తప్పింది. లైటు వేసి, విమానం బడివాళ్ళు పంపిన కాగితం ముందుకు లాక్కున్నాడు.

"నీకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదమ్మా. దీనికి మందు లేదు. విమానం నడపడానికి సర్టిఫికెట్టు ఇయ్యలేను."

తలుపు దగ్గర నిలబడిన ఆమె తండ్రి మునివెంకటప్ప లోపలికొచ్చాడు.

"ఎవురి బిడ్డనుకున్నావు సార్ ఇది? చింతామణి మార్కెట్లో టమాటా ఏరేదంటే నా పేరు చెప్తారు. పండు బెంగుళూరికి, దోరకాయ ఢిల్లీ లారీకి. ముప్పై ఏండ్లలో నేను ఏరిన బాక్సు ఒకటి తిరిగొచ్చింది లేదు. పదేండ్ల పిల్లప్పటినుంచి ఇది నా పక్కన కూచోని ఏరతాండాది. దీనికి రంగు తెలీదా?"

"మూడుసార్లు ఎగిరినాను సార్, పక్కన నేర్పే మేడం కూచోనుండగా" అంది నేత్ర. "బాగా నడిపినావని ఆమే చెప్పింది. లోపల పిడులు ఒక్కోటి ఒక్కో తీరుగా ఉంటాయి. చేతికే తెలుస్తాయి."

"రేడియో పనిచెయ్యని రోజు కిందనుంచి దీపం చూపిస్తారు. ఆకుపచ్చ అయితే దిగు, ఎరుపు అయితే దిగొద్దు. ఆ దీపాన్ని ఎట్లా ముట్టుకుంటావమ్మా?"

"అర్ధగంట ఆ కాగితం రాయొద్దు సార్" అని మునివెంకటప్ప బయటికి నడిచాడు. వచ్చేటప్పుడు భుజం మీద టమాటా బాక్సు ఉంది. పండూ కాయా అన్నీ కలిపి పోయించుకొచ్చాడు.

"ఏమప్పా, కూర కూడా ఈడే చేస్తావా?" అంది నర్సు.

"ఏరు మే!" అన్నాడు కూతురితో.

నేత్ర నేల మీద కూచుంది. వేళ్ళు బాక్సులోకి పోయాయి. ఒక్కో కాయనూ ఒక నొక్కు నొక్కి విసిరింది. చూస్తుండగానే పండు, దోర, పచ్చి అని మూడు కుప్పలయ్యాయి. డాక్టరు వంగి చూశాడు. ఒక్కటి కూడా తప్పు లేదు.

"చూసినావా సార్!"

"చూశాను" అన్నాడు డాక్టరు. కుప్పల్లోంచి అయిదు తీసి మేజా మీద వరసగా పెట్టాడు. "వీటిలో పండ్లు రెండే. చేతులు వెనక్కి పెట్టుకోని, ముట్టుకోకుండా చెప్పమ్మా."

నేత్ర చేతులు వెనక్కి కట్టుకుంది. చాలాసేపు చూసింది. గడ్డంతో మొదటిదాన్నీ, నాలుగోదాన్నీ చూపించింది.

"అయ్యో!" అంది నర్సు. రెండూ పచ్చికాయలే.

మునివెంకటప్ప టమాటాల వైపు చూశాడు. తర్వాత నర్సు ముఖం వైపు చూశాడు.

"సరిగ్గా చూడు మే!" అని అరిచాడు. "పొద్దస్తమానం ఆ ఫోనులో కండ్లు పెట్టుకోనుంటే ఇంకేం కనపడతాది? నా పేరు చెడగొట్టినావు!"

"చూసే చెప్పినా నాయనా."

డాక్టరు కలం మూత తీశాడు. "మీ ఇంటావిడ మీకు దగ్గర సంబంధమా?"

"మా అక్క కూతురే. దానికీ దీనికీ ఏమి సార్?"

"ఇది రక్తంలో వచ్చేది. ఆడపిల్లకు రావాలంటే..." అని, డాక్టరు ఆయన ముఖం చూసి ఆపేశాడు. కాగితం మీద సంతకం పెట్టాడు.

బాగేపల్లి బస్సులో బాక్సు ఇద్దరి కాళ్ళ మధ్య ఉంది. బస్సు పెరేసంద్ర దాటింది.

"నాయనా, రంగు చేతికి తెలియాలని నువ్వే గదా నేర్పించింది?" అంది నేత్ర.

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "కండ్ల సంగతి ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు. "మార్కెట్లో తెలిస్తే నవ్వుతారు. పైకి పోతే భయమేసింది, ఒదిలేసినా అని చెప్పు."

"నాకు భయమెయ్యలేదు నాయనా."

"చెప్పమన్నది చెప్పు."

నేత్ర కొంగుతో ముఖం కప్పుకుంది. బాక్సులోంచి ఒక కాయ దొర్లి కింద పడింది. మునివెంకటప్ప దాన్ని తీసి, అరచేతిలో పెట్టుకుని ఊరికే చూస్తూ కూచున్నాడు. ఊరొచ్చేదాకా నొక్కలేదు.

మరుసటి రోజు తెల్లవారుతూనే చింతామణి మార్కెట్టుకు పోయాడు. లారీలు నిలబడి ఉన్నాయి. బాక్సులు మోసే ఆంజనప్ప ఒక బాక్సు తెచ్చి ఆయన ముందర దించాడు.

"ఏమప్పా, పాపకు సర్టిఫికెట్టు వచ్చిందా? మమ్మల్ని ఎప్పుడెక్కిస్తాది విమానం?"

"రాలేదు."

"ఏంటికప్పా? పైకి పోయి భయపడిందా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మునివెంకటప్ప బాక్సులో పెట్టబోయిన చేతులు ఆపాడు. లేచి నిలబడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"దానికి భయం లేదు" అన్నాడు, అందరికీ వినపడేట్టు. "ఆంజనప్పా, ఇందులో పండ్లు యావో నువ్వు చూసి చెప్పప్పా. నా కండ్లకు యానాడూ తెలిసింది లేదు."