ఇంట్లో పోసిన తూటాలు

లేదు, చెయ్యి వణకలేదు. వణికిందేమోనన్న అనుమానం వచ్చింది, అంతే. అనుమానమూ వణుకూ ఒకటి కాదు. కానీ ఆ రెంటికీ మధ్య ఎంత దూరం ఉంటుంది? ట్రిగ్గర్ మీద వేలు కదిలేంత దూరం కూడా ఉండదేమో...

ఆరిన్ ఐదో తూటా పేల్చి, రైఫిల్ ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు. దుర్భిణి పక్కనే ఉంది. అందులోంచి చూస్తే గురి అట్ట మీద చిల్లులు ఇక్కడి నుంచే కనిపిస్తాయి. చూడలేదు. దూరం నుంచి చూడకూడదు, కాల్పులు ఆపమని ఎర్రజెండా లేచాక నడిచి వెళ్లి చూడాలి. అది అతని పద్ధతి.

"ప్రార్థన అయిందా?" వెనక మడతకుర్చీలో కాఫీ తాగుతున్న డ్వెయిన్ అడిగాడు.

"నోర్ముయ్."

"అయిదూ అట్టకి తగిలాయా, అవతలి పొలంలో ఆవులకి తగిలాయా?"

ఆరిన్ జెండా కోసం చూస్తున్నాడు. ఆ తూటాలు తన గరాజులో తనే సీసం కరిగించి పోసినవి. అయిదూ అరచెయ్యంత చోట పడితే శనివారం డ్వెయిన్‌తో ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకు కొండెక్కుతాడు. చెదిరితే ఎక్కడు, ఇక ఎప్పటికీ ఎక్కడు. సరిగా తగలని తూటా జంతువును చంపదు, కుంటిదాన్ని చేస్తుంది. ఆ కుంటి నడకకు తను కారణం కాకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. అతని భయం కొండ ప్రయాణం పోతుందని కూడా కాదు. చెదిరితే తప్పు సీసానిదా, చేతిదా? అది తెలుసుకోవలసి వస్తుందని.

ఎర్రజెండా లేచింది. కాల్పుల రేంజి అధికారి అరిచాడు. "అందరూ తుపాకులు ఖాళీ చేయండి! ముందుకు వెళ్లొచ్చు!"

పక్క బల్ల దగ్గరి అమ్మాయి కూడా లేచింది. పొద్దున వస్తూనే తన పేరు మార్లా అనీ, రేంజికి రావడం ఇదే మొదటిసారి అనీ చెప్పింది. ముగ్గురూ గడ్డి మీద మంచు తొక్కుకుంటూ నడిచారు.

డ్వెయిన్ ముందు చేరి కేక పెట్టాడు. "ఒరేయ్ దొంగా! కాఫీ కప్పు బోర్లిస్తే అయిదూ కిందే ఉంటాయి కదరా!"

ఆరిన్ గుండె ఒక్క గంతు వేసింది. అట్ట మధ్యలో అయిదు చిల్లులు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. కానీ చుట్టూ చెల్లాచెదురుగా ఇంకో అయిదు.

"మరి ఇవెవరివి?"

మార్లా తన అట్ట చూసుకుంది. ఒక్క చిల్లూ లేదు. మొహం ఎర్రబడింది. "అయ్యో, నేను మీ అట్టని కొట్టినట్టున్నానండీ. దుర్భిణిలో ఏది ఎవరిదో తెలీలేదు."

"తల్లీ, నువ్వు కాల్చే రోజు చెప్పు, ట్రక్కు వేరే ఊళ్లో పెట్టుకుంటాను," అన్నాడు డ్వెయిన్.

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "మా అన్నలూ ఇదే అన్నారు. ఇవాళే తుపాకీ వాళ్లకిచ్చేస్తాను."

"శనివారం తెల్లారేసరికి మీ ఇంటి ముందుంటానురా," అన్నాడు డ్వెయిన్ ఆరిన్‌తో. అతని మనసు అప్పుడే ప్రయాణంలో ఉంది. "గుడారం నాది, బేకన్ నీది."

ఆరిన్ వంగాడు. చెదిరిన చిల్లు అంచు మీద వేలు పెట్టి తిప్పాడు. వేలికి బూడిదరంగు జిడ్డు అంటుకుంది. మధ్యలోని చిల్లు మీద తిప్పాడు. ఏమీ అంటలేదు. మార్లా డబ్బాలోవాటిలా కొట్లో కొన్న తూటాకు రాగి తొడుగు ఉంటుంది, అట్టకు మసి పూయదు. మసి పూసేది ఒట్టి సీసం.

వేలిని ప్యాంటుకు తుడిచేస్తే చాలు. ఎవరూ చూడలేదు. డ్వెయిన్ చూడడు, ఈ పిల్లకు తెలీదు. శనివారం కొండ మీద ఉంటాడు. కొండ మీద ఎల్క్ ఉంటుంది. ఎల్క్‌కు నాలుగు కాళ్లుంటాయి.

"అమ్మాయ్, మధ్యలోవి నీవి," అన్నాడు, వేలు చూపిస్తూ. "చెదిరినవి నావి."

మార్లా అట్టకేసీ అతనికేసీ మార్చి మార్చి చూసింది. "నావా? నిజంగా?"

"నిజంగా. నాకో సాయం చెయ్యి. నా రైఫిల్‌తో, నా తూటాలు ఓ అయిదు కాల్చిపెట్టు."

కొత్త అట్ట తగిలించి వెనక్కి వచ్చారు. ఆరిన్ తన కుర్చీ ఆమెకిచ్చాడు. ఆమె తొందరపడకుండా, ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటే పేల్చింది. ఆరిన్ ఈసారి జెండా కోసం ఆగలేకపోయాడు. "చూడరా," అన్నాడు, కళ్లు మూసుకుని.

డ్వెయిన్ దుర్భిణికి కన్ను ఆనించాడు. "చెదిరాయిరా. ఒకటి పైన, ఒకటి మూలన, ఒకటి అసలు అట్టకే తగల్లేదు."

"క్షమించండి," అంది మార్లా, మొహం చిన్నబుచ్చుకుని. "బాగానే గురి పెట్టాననుకున్నాను."

ఆరిన్ పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుకి అవతలి బల్లలవాళ్లు చప్పుడు వినపడకుండా చెవులకు పెట్టుకున్న డిప్పలు తీసి చూశారు.

"తూటాలు పనికిరానివని తేలితే సంబరమేంట్రా నీకు?"

"సీసాన్ని మళ్లీ కరిగించొచ్చురా!" అన్నాడు ఆరిన్. కొన్ననాటి నుంచీ కొట్లోని తూటా ఒక్కటీ ఎరగని తన రైఫిల్‌ను ముందుకు లాక్కుని, మార్లా ముందు అరచెయ్యి చాచాడు. "మన ఇద్దరి తుపాకులదీ ఒకే కొలత. నీ డబ్బాలోవి ఓ అయిదు ఇస్తావా, అమ్మాయ్?"