కోర్టులో చెప్పాల్సిన మాట

బేరంలో నన్ను మించినవాడు లేడు; ఏనుగును మేక ధరకు కొన్నవాణ్ణి. అందుకే పరంజా మీంచి పడి నడుము విరిగిన మేనల్లుడి కోసం లాయరు మా చెల్లెలి ఇంటికొస్తే, ఎదురుగా నేనే కూర్చున్నాను.

"బీమావాళ్ళిచ్చేది తీసుకుంటే ఇవాళే తేలిపోతుంది. కేసు వేస్తే నాలుగింతలు రావచ్చు. కానీ అబ్బాయి ఇక నడవడని తల్లి కోర్టులో చెప్పాలి" అన్నాడాయన.

నిజానికి మేకను కూడా రెట్టింపు ధరకే కొన్నాను. "వచ్చే నెలకల్లా నడుస్తావురా" అంటూ రోజూ వాడి కాళ్ళు ఒత్తే నా చెల్లెలు ఆ మాటెలా అంటుంది?

చెల్లెలు మంచినీళ్ళకు లోపలికి వెళ్ళింది.

"కేసే వేద్దాం మావయ్యా" అన్నాడు మంచం మీంచి మేనల్లుడు. "నడవలేనని నేనే చెప్తా. నాకెప్పుడో తెలుసు. అమ్మతో మాత్రం అనిపించొద్దు."

చెల్లెలు నీళ్ళకు వెళ్ళిందన్నది నా కల్పన. తను వాడి పక్కనే ఉంది. అంతా విని కూడా కాళ్ళు ఒత్తడం ఆపలేదు.