ఏటి దారి

సరిహద్దు గేటు కనబడగానే నర్సమ్మ బండి ఆపేసింది.

"ఏమైందే?" వెనక సీటు మీంచి అడిగాడు మొగుడు.

"ఏమీ కాలేదు. ఒళ్ళు హూనమైంది. దిగి ఆలోచిద్దాం."

నర్సమ్మకి ఆసుపత్రి ఉద్యోగం అయిపోయాక, ఓపికుండగానే నాలుగు దేశాలు చూడాలని ఇద్దరూ మోటారు సైకిలు మీద బయల్దేరారు. ఆయనకి చూపు మందగించింది కాబట్టి నడిపేది ఆవిడే. మొదట్లో దారంతా కబుర్లే. ఇప్పుడు మధ్యాహ్నానికే మాటలు కరువైపోతున్నాయి.

గేటు అవతలిది చెడ్డపేరు మోసిన దేశం. దోపిడీలు, కాల్పులు. అటు వెళ్తామంటే చాలు, విన్నవాళ్ళు మొహం అదోలా పెట్టేవారు.

వద్దనుకుంటే మాత్రం సుఖమా? వెనక్కి మళ్ళి, కంకర రోడ్ల మీద సముద్రం దాకా పోయి, ఓడెక్కి ఆ దేశం చుట్టూ తిరిగి అవతల రేవులో తేలాలి.

గేటు పక్కనున్న లాడ్జిలో దిగారు. హాల్లో ఎర్ర మోటారు సైకిలు మీద వచ్చిన ఒక అమ్మాయి కూడా ఎటూ తేల్చుకోలేక కూర్చుని ఉంది. ఒంటరిగా తిరుగుతోందట.

గడ్డం మాసిన ఒక పెద్దాయన వచ్చి, ఎవరూ పిలవకుండానే వాళ్ళ బల్ల దగ్గర కుర్చీ లాక్కున్నాడు.

"అవతలికేనా అమ్మా?"

"ఇంకా అనుకోలేదండీ," అంది నర్సమ్మ.

"వెళ్ళండి. మంచి మనుషులు. చెడ్డవాళ్ళూ లేకపోలేదు. అందుకే చెప్తున్నా, పొద్దు వాలాక బండి తియ్యొద్దు. గుట్టల మీంచి దగ్గరదారని ఎవరైనా చెప్తే వినొద్దు. ఏటి వెంటే పోండి. వంతెన దాటగానే రొట్టెలు కాల్చే ఆవిడ ఇల్లుంటుంది. నేను పంపానని చెప్పి రాత్రికి అక్కడే పడుకోండి."

నర్సమ్మకి అనుమానం వచ్చింది. ఎటు పోవాలో, ఎక్కడ పడుకోవాలో అన్నీ ఈయనే చెప్పేస్తున్నాడు!

"మీరెప్పుడూ ఇక్కడే ఉంటారా?"

"ఇక్కడేనమ్మా. బండ్ల మీద వచ్చేవాళ్ళందరికీ ఇదే చెప్తాను."

"మీకెందుకండీ అంత శ్రమ?"

"ఇంకేం పనుంది నాకు?"

"మీ కన్నకొడుకునైతే పంపిస్తారా?"

పెద్దాయన కుర్చీ వెనక్కి జరిపాడు.

"పంపించానమ్మా," అని లేచి వెళ్ళిపోయాడు.

ఎంత తేలిగ్గా కోసేశాడో కోతలు, అనుకుంది నర్సమ్మ.

గదిలోకి వెళ్ళి తలుపు వెయ్యగానే మొదలుపెట్టింది. "వాడు దొంగల మనిషే. ఇక్కడ కూపీ లాగి, అటు కబురు పెడతాడు."

"చూస్తే అలా లేడే."

"మీకు ఎదురుగా ఉన్న గోడే ఆనదు, మనిషేం కనిపించాడు?"

"కళ్ళు పోతే పోయాయి, చెవులున్నాయిగా. ఆ గొంతులో కపటం లేదే."

"చాల్లెండి. నా వల్ల కాదు. చుట్టుదారే పోదాం."

ఆయన అటు తిరిగి పడుకుంటూ, "నడిపేదానివి నువ్వు. నువ్వెటంటే అటే," అన్నాడు. వాదించే ఓపిక ఆయనకీ లేదు.

తెల్లారాక చూస్తే ఎర్రబండి అమ్మాయి గేటు దగ్గర నిలబడి ఉంది. పక్కనే పెద్దాయన చేతులూపుతూ దారి చెబుతున్నాడు.

"ఏమమ్మాయ్, ఈయన్ని నమ్మే వెళ్తున్నావా?" అంది నర్సమ్మ.

"చుట్టు తిరిగే ఓపిక లేదాంటీ. ఏదైతే అదవుతుంది."

నర్సమ్మ ఇక ఉండబట్టలేక ఆయన మీదకి తిరిగింది. "ఆడపిల్లని పులి నోట్లోకి తోస్తే మీకేం ఒరుగుతుందండీ? సిగ్గుగా లేదూ?"

ఆయన నొచ్చుకున్నట్టు కూడా కనిపించలేదు.

"మీరు పొయ్యే దారిలో కంకర జారుతుందమ్మా. నిదానంగా పోండి," అన్నాడంతే.

కంకర నిజంగానే జారింది. ఒక మలుపులో బండి పక్కకి ఒరిగి, మొగుడి ముంజేయి విరిగింది. ఎన్ని చేతులకో కట్లు కట్టిన ఆవిడకి, ఆ చేతి కట్టు మాత్రం రెండుసార్లు విప్పి మళ్ళీ కట్టాల్సొచ్చింది.

ఓడ మీద ఆయన ఆవిడ భుజానికి తల ఆన్చి నిద్రపోయాడు. ప్రాణాలతో ఉన్నాం, అదే చాలని ఆవిడ తనకి తాను సర్దిచెప్పుకుంది.

రేవులో దిగేసరికి ఎదురుగా ఎర్రబండి!

"ఆంటీ!" అంటూ పరుగెత్తుకొచ్చింది ఆ అమ్మాయి. "అయ్యో, అంకుల్ చేతికేమైంది?"

"అది సరే, నువ్వు క్షేమంగా వచ్చావా? ఎవరూ ఏమీ చెయ్యలేదా?"

"కడుపునిండా తిండి పెట్టారాంటీ. ఏటి వెంటే వచ్చాను, రొట్టెలావిడ ఇంట్లో పడుకున్నాను."

"మరి ఆ ముసలాడు... దొంగల మనిషేమోనని నేను..."

అమ్మాయి మొహంలో నవ్వు ఆరిపోయింది.

"రొట్టెలావిడ చెప్పిందాంటీ. మనలాగే బండి మీద వచ్చిన ఒక కుర్రాణ్ణి గుట్టల దారిలో దొంగలు కాల్చేశారట. ఈవిడా, ఊళ్ళోవాళ్ళూ భయపడకుండా వెళ్ళి మోసుకొచ్చారట. ఈవిడ ఒళ్ళోనే ప్రాణం పోయిందట."

నర్సమ్మ మొగుడు చటుక్కున తలెత్తాడు.

"కబురు అందుకుని వాళ్ళ నాన్న వచ్చాడట. ఊరు ఊరంతా ఆయనతో పాటు ఏడ్చిందట," అంది ఆ అమ్మాయి.

"కొడుకుని మట్టిచేసిన ఆ నాన్నే, ఇక ఇంటికి వెళ్ళకుండా ఆ గేటు దగ్గర ఉండిపోయి, వచ్చిన ప్రతి బండినీ ఏటి దారికి మళ్ళిస్తున్నాడట ఆంటీ."