తొమ్మిదో ఉత్తరం

“చనిపోయిన మనిషి తన చావు కబురు కింద తనే సంతకం ఎలా పెడతాడమ్మా?”

ఈ ఒక్క ప్రశ్న అడగడానికి మాస్టారు రెండు బస్సులు మారి, మూడంతస్తుల మెట్లు ఎక్కి వచ్చారు. ఎదురుగా పడక కుర్చీలో ఉన్న పెద్దావిడ ఒకప్పుడు యుద్ధ విమానాల స్క్వాడ్రన్ ఆఫీసులో టైపిస్టు. ఎనభై దాటినా చెవులు బాగానే పనిచేస్తున్నాయి. అయినా ముందు టీ తాగమంది.

బడిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు మూడేళ్లుగా ఆ స్క్వాడ్రన్ యుద్ధ చరిత్ర రాస్తున్నారు. యుద్ధమే ఇరవై రోజుల్లో తేలిపోయింది, మీ పుస్తకం తేలదేమిటండీ అని భార్య దెప్పుతూనే ఉంది. ఈ సంతకం అడ్డుపడకపోతే అదీ తేలేదే. యుద్ధంలో ఆ స్క్వాడ్రన్ కమాండరు మాస్టారి తండ్రే. సముద్రం మీదికి వెళ్లిన విమానం తిరిగి రాలేదు, మనిషీ దొరకలేదు. అప్పటికి మాస్టారికి రెండేళ్లు.

ఇంటికి వచ్చింది ఒక్క ఉత్తరం. తల్లి దాన్ని బీరువాలో పెట్టి, దాదాపు అరవై ఏళ్లు ఎవరి చేతికీ ఇవ్వకుండా కాపాడింది. అందరూ మిలటరీ వాళ్ల ఉత్తరం అంటుంటే, ఆమె మాత్రం మీ నాన్న ఉత్తరం అనేది. కిందటి నెల ఆమె పోయాక విప్పి చూస్తే, అడుగున నిజంగానే తండ్రి సంతకం ఉంది. తారీఖు చూస్తే ఆయన పోయిన మర్నాటిది.

అప్పటినుంచి మాస్టారికి కంటిమీద కునుకు లేదు. తండ్రి బతికే ఉన్నాడా? పెళ్లాన్నీ బిడ్డనీ వదిలించుకుని ఎక్కడైనా తలదాచుకున్నాడా? అదే నిజమైతే పుస్తకంలో రాయక తప్పదు. రాస్తే తల్లి బతుకంతా నవ్వులపాలు.

“ఉన్నదున్నట్టు చెప్పండి. మా నాన్న పారిపోయాడా?”

“అదేం మాట బాబూ,” అంది ఆవిడ నెమ్మదిగా. “విమానం నీళ్లలో పడడం పక్క విమానంలోని కుర్రాడు కళ్లారా చూశాడు.”

తర్వాత తీరిగ్గా జరిగినదంతా చెప్పుకొచ్చింది. కమాండరు కూడా అందరితో పాటే రోజుకు మూడుసార్లు పైకి వెళ్లేవాడు. తిరిగి వస్తాడో రాడో ఆయనకే నమ్మకం లేదు. అందుకని యుద్ధం మొదలైన రోజునే గది తలుపు వేసుకుని, ఆవిడ మిషను మీద ఒక నమూనా ఉత్తరం స్వయంగా టైపు కొట్టి పెట్టాడు. ఒక కట్ట తెల్లకాగితాల మీద అడుగున సంతకాలు చేసి ఆవిడ సొరుగులో పడేశాడు. ఎవరు పోయినా పేరు మార్చి అదే కొట్టి పంపమన్నాడు, నా సంతకం కోసం వాళ్ల ఇంట్లోవాళ్లు ఎదురుచూడకూడదు అన్నాడు.

మాస్టారికి గుండెల మీది బరువు దిగినట్టయింది. ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు. సంచిలోంచి మరో ఎనిమిది ఉత్తరాలు తీశారు. పుస్తకం కోసం మిగతా పైలట్ల ఇళ్లనుంచి సేకరించినవి. అన్నింటిలోనూ ఒకటే వాక్యం: ఆ ఉదయం విమానం ఎక్కే ముందు కూడా మిమ్మల్నే తలుచుకున్నారు. తల్లికి వచ్చినదానిలోనూ అదే ఉంది; ఆ వాక్యాన్ని పట్టుకునే ఆమె బతికింది. చుట్టాలు మళ్లీ పెళ్లి మాట ఎత్తితే, నాకు ఆ ఒక్క ముక్క చాలు అనేది.

“అంటే మా అమ్మకు వచ్చిందీ ఇలా పేరు మార్చి కొట్టిందేనన్నమాట,” అన్నారు మాస్టారు. “ఆ ఉదయం ఎవరు ఎవరిని తలుచుకున్నారో మీకేం తెలుసమ్మా?”

“ఏమీ తెలియదు. కొట్టమన్నారు, కొట్టాను. మధ్యలో ఆగితే ఏడుపొస్తుందని ఆగకుండా కొట్టేదాన్ని.”

మాస్టారికి కోపం కూడా రాలేదు. తండ్రి పిరికివాడు కాదని తేలినందుకు సంతోషించాలో, తల్లి అన్నేళ్లూ నమ్ముకున్న మాట ఉత్తదని తేలినందుకు ఏడవాలో తెలియలేదు. కాగితాలు సర్ది లేవబోతుంటే, మీ అమ్మగారిది ఒకసారి చూపించమని ఆవిడ చెయ్యి చాపింది.

కళ్లజోడు పెట్టుకుని, ఉత్తరాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చదివింది. చదివినదే మళ్లీ చదివింది. కళ్లు తుడుచుకుని, జాగ్రత్తగా మడిచి తిరిగి ఇచ్చింది.

“ఆ ఎనిమిదీ నేను కొట్టినవే బాబూ,” అంది. “ఇది మీ నాన్నగారు మీ అమ్మగారి పేరుతో కొట్టిన నమూనాయే. ఇందులో నేను కొట్టింది తారీఖు ఒక్కటే.”