మిరియం తెరిచిన తలుపు

ల్యాబ్ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా ఆమె భర్త కుర్చీ దగ్గరికి వెళ్లింది. పక్కన బల్ల మీద పొద్దున పెట్టిన పసుపు మందు గిన్నె ఖాళీగా ఉంది.

“చూశావా, మీ బావ ఇవాళా తాగేశారు!”

సోఫాలో పడుకున్న చెల్లెలు నవ్వింది. “బతికుండగా ఎంతో బతిమాలితే గానీ తాగేవారు కాదు. నాకైతే ఆ కంపుకే కడుపులో తిప్పుతుంది. బావ గట్టివారే.”

ఖాళీ గిన్నె చూశాకే ఆమె భోంచేస్తుంది. ఆయన పోయిన కొత్తలో అది నిండుగా మిగిలితే మంచినీళ్లు కూడా ముట్టేది కాదు.

మూలికల సారాన్ని ఒంటికి పట్టించడం ఎలాగన్నదే ల్యాబ్‌లో ఆమె పని. ఇంట్లో మాత్రం ఓడిపోయింది. జబ్బు చేసినప్పుడు ఆయనకిచ్చిన పసుపు సారం లోపలికి వెళ్లినట్టే వెళ్లి బయటికి పోయింది. రక్తంలో జాడే లేదు. మిరియం చేర్చి ఉంటే పట్టేదేమో. దానితో కడుపులో మంట అని ఆయనంటే జాలిపడి మానేసింది. ఆ జాలి ఇప్పుడు ఆమెను నిద్రపోనివ్వడం లేదు.

అందుకే ఇప్పుడు ఆయన కుర్చీ పక్కన పెట్టే పసుపును నెయ్యిలో మరిగించింది. మిరియాల సారం కలిపింది. వారం వారం పెంచింది.

మిరియం కాలేయాన్ని కాసేపు ఏమారుస్తుంది. అప్పుడు పసుపొక్కటే కాదు, మరికొన్ని మందులూ రక్తంలో పేరుకుంటాయి. వేరే మాత్రలు వాడేవాళ్లకు ఇవ్వొద్దని ల్యాబ్‌లో కొత్తవాళ్లకు ఆమే చెబుతుంది. పోయినవాళ్లకు ఆ భయమేముంది? చెయ్యి ధారాళమైంది.

ఈమధ్య చెల్లెలు గోడ పట్టుకుని నడుస్తోంది. మాట ముద్దగా వస్తోంది.

“ఫిట్స్ మాత్ర రెండేసి మింగుతున్నావా, మతిమరుపు మొహమా?”

“ఒక్కటేనే తల్లీ! కావాలంటే డబ్బా చూసుకో.”

చూసింది. లెక్క సరిపోయింది. రేపు ఆస్పత్రికి తీసుకెళ్లాలి అనుకుంది. గిన్నె కడిగి, పొద్దుటికి కొత్త మందు సిద్ధం చేసింది. ఉన్న ఒక్క తోడూ చేజారిపోతుందేమోనని రాత్రి రెండుసార్లు లేచి చెల్లెలి ఊపిరి చూసింది.

మర్నాడు మధ్యాహ్నమే సెలవు పెట్టి వచ్చింది. గిన్నె ఖాళీ. వంటింటి గుమ్మంలో చెల్లెలు పడి ఉంది. కళ్లు నిలవడం లేదు. పరుగున వెళ్లి తల ఒళ్లోకి తీసుకుంది.

“అక్కా... ఇవాళ... అన్నం తింటావుగా?”

నురగేమోనని కంగారుగా చెల్లెలి పెదాలు తుడిచిన ఆమె తెల్ల రుమాలుకు పసుపు అంటుకుంది.