ఐదింటి పాటలోగా

“ఏమయ్యా ఒగాతా, ఇల్లెక్కడో గుర్తుందా?”

నిషివాకి గారు బస్టాపు చుట్టూ తిరిగి, ఎదురుగా వచ్చి, నవ్వి మరీ అడిగారు. దారి తప్పినవాళ్ళని వెనక నుంచి పిలిస్తే బెదిరిపోతారని ఊరందరికీ పాఠం చెప్పింది ఆయనే.

బెంచీ మీద కూర్చున్న ఒగాతా తల గోక్కున్నాడు. కోటు కింద నుంచి కటింగ్ షాపు ఏప్రాన్ వేలాడుతోంది.

“షాపు గుర్తుందండీ. ఇల్లే తెలియట్లేదు. నీలం గేటు. లోపల దానిమ్మ చెట్టు.”

“ఎక్కడో విన్నట్టే ఉంది. లే, వెతుకుదాం. ఐదింటి పాటలోగా నిన్ను ఇంట్లో దింపాలి.”

సాయంత్రం ఐదింటికి టౌన్‌హాల్ మైకులో పాట వస్తుంది. పిల్లలు ఆటలు కట్టిపెట్టేది అప్పుడే. మతిమరుపు ముసలివాళ్ళు కూడా ఆ పాటలోగా ఇల్లు చేరాలన్నది తోడు దళం నియమం. దళమంటే జీతం లేని కొలువు, వీపు మీద దళం పేరున్న పసుపుపచ్చ కోటు ఒకటి, మెడలో ఈల ఒకటి. దళం పెట్టిందీ నిషివాకి గారే. పాట అయిపోయాక ఇంకా వీధిలో మిగిలిపోయినవాళ్ళు ఇంతవరకూ లేరు. ఈ రోజు చూస్తే మంచు పడుతోంది. ఒగాతాని ఈ చలికి వదిలేస్తే ఏమైపోతాడోనని ఆయనకి నిజంగానే గుబులుగా ఉంది.

ఈ మధ్య ఊరికేమైందో ఆయనకి అంతుపట్టడం లేదు. మొన్న టోఫు కొట్టు ఇషిజుకా తప్పిపోయాడు. అంతకుముందు పోస్టాఫీసు అమ్మాయి. ఆ పిల్లకి పాతికేళ్ళు కూడా ఉండవు. ఇప్పుడు ఒగాతా, నిండా అరవై లేనివాడు. ఎనభై దగ్గర పడుతున్నా తను మాత్రం రాయిలా ఉన్నారు. ఈ కాలం వాళ్ళ తిండిలో సత్తువ లేదనుకున్నారు.

“నాకు చెమటలు పడుతున్నాయండీ. ఈ గ్లవ్స్ కాస్త మీరు వేసుకోరూ?” అన్నాడు ఒగాతా.

పాపం, చలో వేడో కూడా తెలియట్లేదు. అయినా ఇలాంటివాళ్ళు చెప్పినదానికి అడ్డు చెప్పకూడదు. నిషివాకి గారు బుద్ధిగా గ్లవ్స్ తొడుక్కున్నారు.

నాలుగడుగులు వేశారో లేదో, ఒగాతా ముందుకెళ్ళిపోయాడు.

“ఇదిగో, తప్పిపోయినవాడు ముందు నడవడమేంటయ్యా? నా వెనక రా.”

“తప్పయిపోయిందండీ.”

“స్నానాల హాలు దగ్గర ఎడమకి తిరుగుదాం. అటే అనిపిస్తోంది.”

స్నానాల హాలు ఎప్పుడో పడగొట్టి, ఆ జాగాలో కార్లు పెట్టుకుంటున్నారు. ఒగాతా ఆ మాట ఎత్తలేదు.

“అలాగేనండీ. కాకపోతే ఎడమకెళ్తే ఎత్తెక్కాలి. నా మోకాళ్ళు మొరాయిస్తాయి. కుడివైపు వెళ్దామా?”

“ఈ వయసుకే మోకాళ్ళా? సరే, కుడికే పద.”

చేపల కొట్టు కజూఎ బుట్టలు లోపల పెట్టుకుంటూ వాళ్ళని చూసి ఆగింది.

“నిషివాకి గారూ, ఇవాళ ఒగాతా దొరికాడా మీకు?”

“నవ్వకమ్మా. ఏమో, రేపు నీ వంతు రావచ్చు.”

“రేపు కాదులెండి, వచ్చే వారం. నన్ను కొంచెం నెమ్మదిగా నడిపించాలి మరి.”

“నీ నోటికి దణ్ణం తల్లీ,” అంటూ ఆయన కదిలారు. ఊళ్ళో అందరికీ ఇది నవ్వులాటగా ఉంది. ఇల్లు మర్చిపోవడమంటే ఎంత భయమో వీళ్ళకేం తెలుసు. వెనక్కి చూస్తే కజూఎ నడుము వంచి నమస్కారం పెడుతోంది. పోనీలే, కనీసం ఈ కోటు విలువైనా తెలుసు అనుకున్నారు.

సందు చివర నీలం గేటు కనిపించింది. లోపల ఆకులు రాలిన దానిమ్మ చెట్టు.

“చూశావా, చెప్పానా దొరుకుతుందని!” నిషివాకి గారి మొహం వెలిగిపోయింది.

“మీరు కాబట్టి దొరికింది. లేకపోతే నేనెక్కడ వెతికేది?”

గేటు చప్పుడుకి తలుపు తెరుచుకుంది. డెబ్బై దాటినావిడ, తడి చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చి గుమ్మంలోనే వంగి దణ్ణం పెట్టింది.

“వచ్చేశారా! ఈ మంచులో ఎన్ని తిప్పలు పెట్టామో మిమ్మల్ని.”

“మా పనే ఇదమ్మా. అయితే ఒక్క మాట. మనిషిని ఒంటరిగా వదిలేశారేమిటి?”



“తలుపుకి తాళం వేసుకోమని మా అబ్బాయి పోరుతున్నాడండీ. నాకు మనసొప్పట్లేదు. నాలుగు వీధులు తిరిగొస్తేనే ఆయన ఆయనలా ఉంటారు.”

“తాళం వద్దు,” అన్నారు నిషివాకి గారు గట్టిగా. “అది మాత్రం వద్దమ్మా. తిరగనివ్వండి. ఊళ్ళో మేమంతా లేమూ?”

ఆవిడ కళ్ళొత్తుకుంది. ఒగాతా చెట్టు వైపు తిరిగి దగ్గాడు.

“లోపలికి రండి. మీకోసమే టీ పెట్టాను.”

“వాలంటీర్లం, ఎవరింట్లోనూ ఏమీ ముట్టకూడదమ్మా.”

“చలిగా ఉంది కదండీ. ఒక్క కప్పు.”

“మీరు పదండి. నేను పెరటి వైపు నుంచి వస్తాను,” అన్నాడు ఒగాతా.

నిషివాకి గారు బూట్లు విప్పి, గుమ్మం పక్కనున్న ఇంటి చెప్పుల్లో కాళ్ళు పెట్టారు. సరిగ్గా సరిపోయాయి. అప్పుడే మైకులో ఐదింటి పాట మొదలైంది.

“చూశారా, పాటలోగా చేర్చేశాను,” అన్నారు తృప్తిగా.

తలుపు మూసుకుంది. ఒగాతా పెరటి వైపు వెళ్ళలేదు. షాపులో గడ్డానికి నురగ రాయించుకుని ఒకాయన కాచుకుని ఉన్నాడు, తొందరగా పోవాలి. గేటు వేస్తూ, పక్కనున్న పేరు పలక మీద పేరుకున్న మంచుని కోటు చేత్తో తుడిచాడు.

పలక మీద ఉన్న పేరు నిషివాకి.